ముక్కు మీది నల్ల మొనలు: బ్లాక్‌హెడ్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడి పనిచేసే నన్ను గుణుపురం, కాశీనగరం, రాయగడ, బరంపురం నుంచి వచ్చే తెలుగువారు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అడిగినవారు అడిగిన మాటల్లోనే ప్రశ్నలను ఉంచి, ఏ దశకు ఆ దశ విడదీసి ఇక్కడ జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

మొదటి దశ: గుర్తుపట్టడం

బ్లాక్‌హెడ్స్ అంటే ముఖం మీద పేరుకున్న మురికేనా?

కాదు. చర్మంలోని ప్రతి వెంట్రుక కుదురు పక్కన సీబమ్ అనే జిడ్డును తయారుచేసే గ్రంథి ఉంటుంది. కుదురు లోపలి గోడ నుంచి రాలిన మృతకణాలు ఈ జిడ్డుతో కలిసి బయటికి పోకుండా ముద్దకడితే, ఆ ముద్ద రంధ్రానికి బిరడాలా పట్టేస్తుంది. రంధ్రం నోరు మూసుకుని ఉంటే అది తెల్లగా కనిపించే వైట్‌హెడ్, తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్. పైన కనిపించే నలుపు మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్లా, గాలి తగిలి రంగు మారిన కొవ్వు వల్లా వచ్చినదే తప్ప దుమ్ము వల్ల వచ్చినది కాదు. గోరుతో తీసిన బ్లాక్‌హెడ్‌ను కిటికీ వెలుగులో పట్టి చూస్తే సన్నటి నువ్వుగింజలా ఉంటుంది. మొన మాత్రమే నల్లగా, మిగిలినదంతా పసుపు కలిసిన తెలుపుగా కనిపిస్తుంది. మురికి అనుకోవడం వల్లనే చాలామంది ముఖాన్ని గరుకు పీచుతో రుద్ది పుండు చేసుకుంటున్నారు కాబట్టి, ఈ ఒక్క అపోహ తొలగితే సగం చికిత్స అయినట్టేనని నేను నమ్ముతాను.

ముక్కు నిండా బూడిదరంగు చుక్కలున్నాయి, ఎన్నిసార్లు నొక్కి తీసినా కొద్దిరోజుల్లోనే మళ్లీ వస్తున్నాయి. ఎందుకు?

అవి బ్లాక్‌హెడ్స్ కాకపోవచ్చు. జిడ్డు గ్రంథి నుంచి చర్మం పైకి నూనెను చేరవేసే సన్నని దారాల వంటి నిర్మాణాలు ప్రతి మనిషి ముక్కు మీదా ఉంటాయి. వీటిని సెబేషియస్ ఫిలమెంట్స్ అంటారు. ఇవి ఒకే పరిమాణంలో, వరుసగా, లేత బూడిద రంగులో ఉంటాయి, చేతికి తగలవు. బ్లాక్‌హెడ్ ఒక్కొక్కటీ విడిగా, ముదురు నలుపుతో, కాస్త ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది. ఫిలమెంట్స్ చర్మపు సహజ ఏర్పాటు కనుక తీసినకొద్దీ నిండుతూనే ఉంటాయి. అతుక్కున్న మృతకణాలను విడదీసే శాలిసిలిక్ ఆమ్లం అనే పూతమందు వాడితే కొంత మరుగున పడతాయి, పూర్తిగా మాత్రం పోవు.

నుదుటి మీద ఒకే రకంగా ఉన్న సన్నని పొక్కులు, చెమట పట్టినప్పుడు దురద. ఇవి కూడా అవేనా?

బ్లాక్‌హెడ్స్ దురద పెట్టవు. ఒకే సైజులో గుంపుగా లేచి దురద పెట్టే పొక్కులు మలసీజియా అనే ఈస్టు వల్ల వచ్చే కుదుళ్ల వాపు కావచ్చు. గోపాలపురం, ఛత్రపురం వైపు ఉక్కపోత నెలల్లో ఇలాంటి వారు చాలామంది వస్తారు. దీనికి మందు వేరే కాబట్టి, మొటిమల మందులను ప్రయోగించకుండా ఒకసారి వైద్యునికి చూపించుకోవాలి.

మందుల షాపులో ఒడియాలో ఏమని అడగాలి?

«బ్లాక్‌హెడ్స్» అనే అడగండి, ఆ మాట అందరికీ తెలుసు. మన వాళ్లు తెలుగులో «నల్ల మచ్చలు» అనుకుని దాన్నే ఒడియాలోకి మార్చి «కొళా దాగొ» అంటారు. ఆ మాటకు అర్థం నల్లటి మరక. దాన్ని విన్న షాపతను మంగుకో, మొటిమలు మానిన మచ్చలకో మందు అడుగుతున్నారనుకుని తెల్లబరిచే క్రీము చేతిలో పెడతాడు.

ఈ సంగతి నేను అనుభవించి చెబుతున్నాను. బరంపురంలో చదువుకునే రోజుల్లో నేనూ ఒక షాపులో అదే మాట చెప్పి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. మొదటి నెలలో ముఖం మిలమిల మెరిసింది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అయిదో నెలకు బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు తేలాయి, ఎండలోకి వెళితే మంట, క్రీము ఒక్కరోజు మానితే ముఖమంతా పొక్కులు. అందులో చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్, విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ట్రెటినోయిన్‌తో పాటు మొమెటసోన్ అనే స్టెరాయిడ్ ఉందని ఫార్మసీ చదువులోకి వచ్చాక ఆ ట్యూబు వెనక రాసింది చదివితే కానీ నాకు తెలియలేదు.

క్రీము కొనేటప్పుడు బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది కనిపించినా బ్లాక్‌హెడ్స్‌కు దాన్ని వాడకండి. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన బిగించింది. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా మానకుండా చర్మ వైద్యుని సలహాతో మానాలి.

మా నాన్నగారికి అరవై దాటాయి, పొలంలో పని చేస్తారు. కళ్ల పక్కన పెద్ద పెద్ద బ్లాక్‌హెడ్స్ వచ్చాయి. ఈ వయసులో మొటిమలా?

ఇవి యౌవనంలో వచ్చే రకం కాదు. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చర్మం సాగి, ముడతలు పడి, కళ్ల పక్కన, కణతల దగ్గర పెద్ద నల్ల మొనలు ఏర్పడతాయి. చుట్ట, బీడీ కాల్చేవారిలో ఇది ఎక్కువ. ప్రమాదకరం కాదు. వైద్యులు పరికరంతో తీసి, రాత్రిపూట రాసుకునే రెటినాయిడ్ (విటమిన్ ఎ కుటుంబపు మందు) జెల్ ఇస్తారు. తలపాగా కన్నా వెడల్పు అంచు టోపీ కళ్ల పక్కలను బాగా కాపాడుతుంది. అదే చోట మానని పుండు గానీ, రక్తం కారే గడ్డ గానీ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించాలి.

రెండవ దశ: రాకుండా చూసుకోవడం

ముఖం రోజుకు ఎన్నిసార్లు కడగాలి?

ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, బాగా చెమట పట్టే పని చేసినప్పుడు మరొకసారి. అంతకు మించి కడిగితే చర్మం పొడిబారి మందులను తట్టుకోలేకపోతుంది. స్నానపు సబ్బు క్షార గుణం కలది కాబట్టి ముఖానికి సున్నితమైన ఫేస్‌వాష్ మంచిది. గోరువెచ్చని నీళ్లతో, వేలి కొసలతో అర నిమిషం మృదువుగా రాసి కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. కోరాపుట్ కొండల మీద చలికాలంలో ఉండేవారు రాత్రి మాత్రమే ఫేస్‌వాష్ వాడి, ఉదయం నీళ్లతో సరిపెట్టుకున్నా చాలు.

తలకు కొబ్బరినూనె రాసుకోకుండా ఉండలేను. దానివల్ల కూడా వస్తాయా?

వస్తాయి. తలనూనె జారి నుదుటి మీదికి, కణతల మీదికి చేరి అక్కడి రంధ్రాలను మూసేస్తుంది. జుట్టు మొదలయ్యే గీత వెంబడే బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ బారులు తీరి ఉంటే కారణం నూనేనని అనుమానించాలి. నూనె పూర్తిగా మానమని నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే చెప్పినా ఎవరూ మానరు, మానవలసిన అవసరమూ లేదు. తలస్నానానికి గంట ముందు రాసి, తలతోపాటు నుదుటినీ కడుక్కోండి. నూనె తలతో పడుకోవద్దు. దిండు గలీబును వారానికి రెండుసార్లు మార్చండి. ఒళ్లు మర్దనకు వాడే కొబ్బరినూనె, ఆవనూనె ముఖం దాకా రానీయకండి.

నా ముఖమే జిడ్డు, మళ్లీ మాయిశ్చరైజర్ ఎందుకు?

జిడ్డు వేరు, తేమ వేరు. బ్లాక్‌హెడ్స్ మందులు చర్మపు పై పొరను పలచన చేసి తేమను పోగొడతాయి, దానివల్ల మంట పుట్టి మీరు మందే మానేస్తారు. డబ్బా మీద «నాన్‌కొమెడోజెనిక్» అని రాసి ఉన్న పలుచటి జెల్ రకం ఎంచుకుంటే రంధ్రాలు మూసుకునే భయం తక్కువ.

సన్‌స్క్రీన్ రాసుకుంటే చెమటకు ఇంకా ఎక్కువవుతున్నాయి. మానేయవచ్చా?

మానకండి, రకం మార్చండి. చిక్కటి క్రీము బదులు జెల్ రూపంలో ఉన్న, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. మన గోధుమరంగు చర్మానికి ఒక మొటిమ మానితే నెలల పాటు మచ్చ మిగులుతుంది, ఎండ ఆ మచ్చను ముదురు చేస్తుంది. రెటినాయిడ్ వాడుతున్న చర్మం ఎండకు ఇంకా త్వరగా కందుతుంది. రాత్రి పడుకునే ముందు సన్‌స్క్రీన్‌ను ఫేస్‌వాష్‌తో పూర్తిగా కడిగేయాలి.

మా తమ్ముడు గ్యారేజీలో మెకానిక్. ముఖంతోపాటు ముంజేతుల మీద, తొడల మీద కూడా నల్ల మొనలు వస్తున్నాయి. ఏమిటి కారణం?

యంత్రాల నూనె, గ్రీజు వెంట్రుక కుదుళ్లలోకి చేరితే ఇలా వస్తుంది. నూనె తడిసిన ప్యాంటు తొడకు రాసుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడ కూడా కనిపిస్తుంది. పని బట్టలు రోజూ మార్చి విడిగా ఉతకాలి, నూనె గుడ్డతో ముఖం తుడుచుకోకూడదు, పని అయిన వెంటనే సబ్బుతో స్నానం చేయాలి. నూనె వదిలించడానికి కిరోసిన్‌తో, పెట్రోల్‌తో చేతులు కడుక్కునే అలవాటు చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది.

వేపుళ్లు, చాక్లెట్లు మానితే పోతాయా?

నూనె పదార్థం తిన్నంత మాత్రాన ఆ నూనె ముఖం మీదికి రాదు. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తీపి తిండి, పాలు కొందరిలో మొటిమలను పెంచుతాయని పరిశోధనల్లో కొంత ఆధారం ఉంది. తింటే పెరుగుతున్నట్టు మీకే తెలిస్తే తగ్గించండి. ఎదిగే పిల్లలకు మాత్రం బ్లాక్‌హెడ్స్ పేరు చెప్పి పాలు మాన్పించకండి.

మూడవ దశ: ఇంటి చిట్కాలు

శనగపిండి, పసుపుతో నలుగు పెట్టుకుంటే పోవా? మాకు కంధమాల్ పసుపు దొరుకుతుంది.

కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది నిజంగా మేలైన పసుపే. కానీ రంధ్రంలో బిగిసిన ముద్దను కరిగించే గుణం పసుపుకు లేదు. శనగపిండి పైపై జిడ్డును తీస్తుంది, దానితో ముఖం తేలికపడ్డట్టు అనిపిస్తుంది. పెళ్లికో పండుగకో నలుగు పెట్టుకోవడంలో తప్పులేదు. బ్లాక్‌హెడ్స్ రాలిపోవాలని పొడి పిండితో ఎర్రబడేదాకా రుద్దితే మాత్రం ముక్కు పక్కన నల్లగా కమిలి, ఆ మచ్చ బ్లాక్‌హెడ్ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

నిమ్మరసం, వంటసోడా, పళ్లపేస్టు?

మూడూ వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్లబడుతుంది. వంటసోడా క్షారం, చర్మానికి సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్ల గుణాన్ని చెడగొడుతుంది. పళ్లపేస్టు పళ్లకే.

గంజాం మొగలి నీళ్లు ముఖానికి రాసుకుంటే రంధ్రాలు మూసుకుంటాయంటారు. నిజమేనా?

గంజాం మొగలి పువ్వు పరిమళానికి పేరుపొందినది, మొగలి నీళ్లు అద్దుకుంటే చల్లగా హాయిగా ఉంటుంది. చర్మ రంధ్రాలకు కండరాలు లేవు కాబట్టి చల్లటి నీళ్లు వాటిని మూయలేవు, వేడినీళ్లు తెరవలేవు. పరిమళ ద్రవ్యాలు సున్నితమైన చర్మానికి పడకపోవచ్చు కనుక, రెటినాయిడ్ వాడుతున్నవారు వీటిని పక్కన పెట్టడం మేలు.

ఆవిరి పట్టి నొక్కి తీస్తే మంచిదా?

ఆవిరి పైనున్న ముద్దను కాస్త మెత్తబరుస్తుంది, అంతవరకే. గోళ్లతో నొక్కినప్పుడు ముద్ద సగం పైకి వస్తే మిగతా సగం లోపలికి చీలి, కుదురు గోడ చిట్లి, నిన్నటిదాకా నొప్పిలేని బ్లాక్‌హెడ్ నేడు చీముపట్టిన మొటిమ అవుతుంది. ముక్కు పైభాగం నుంచి పెదవుల కొసల దాకా ఉన్న భాగంలోని రక్తనాళాలకు మెదడు దగ్గరి నాళాలతో సంబంధం ఉంది. అక్కడ సోకిన ఇన్‌ఫెక్షన్ లోపలికి పాకడం చాలా అరుదు, పాకితే ప్రాణం మీదికి వస్తుంది. తీయించుకోవాలనుకుంటే శుభ్రమైన పరికరంతో చర్మ వైద్యుని దగ్గర తీయించుకోండి. పార్లర్‌లో అయితే ఒకరికి వాడిన పరికరాన్ని మీకు వాడే ముందు శుద్ధి చేశారా అని మొహమాటపడకుండా అడగండి.

ముక్కుకు అంటించి లాగే పట్టీలు వాడవచ్చా?

ఎప్పుడో ఒకసారి వాడవచ్చు. అవి పై మొనను ఊడదీస్తాయి గానీ, ముద్ద కట్టడాన్ని ఆపవు. రెటినాయిడ్ రాసుకుంటున్న చర్మం మీద అంటిస్తే తోలు లేచి వస్తుంది.

నాలుగవ దశ: మందులు

ముందుగా ఏ మందుతో మొదలుపెట్టాలి?

శాలిసిలిక్ ఆమ్లంతో. ఇది కొవ్వులో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగి, అతుక్కున్న మృతకణాలను విడదీస్తుంది. 0.5 నుంచి 2 శాతం దాకా ఉన్నవి చీటీ లేకుండానే దొరుకుతాయి. ఫేస్‌వాష్ రూపంలో అయితే ఒక నిమిషం ముఖం మీద ఉంచి కడగాలి. కడగకుండా వదిలేసే సీరమ్ ఎక్కువ పనిచేస్తుంది, ఎక్కువ పొడిబారుస్తుంది కూడా. కాబట్టి వారానికి రెండు మూడు రాత్రులతో మొదలుపెట్టండి. ఆస్పిరిన్ పడనివారు వైద్యుని అడగకుండా వాడకూడదు.

అడాపలీన్ జెల్ అంటున్నారు. అది ఎలా వాడాలి?

బ్లాక్‌హెడ్స్‌ను అవి పుట్టే చోటనే ఆపే మందు ఇది. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన రెటినాయిడ్. కుదురు లోపలి కణాలు ముద్దకట్టకుండా సక్రమంగా రాలేలా చేస్తుంది. సాధారణంగా 0.1 శాతం జెల్ ఇస్తారు. అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారని విని కొందరు అలాగే అడుగుతారు గానీ, మన దేశంలో వైద్యుని సలహాతోనే వాడాలి.

రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్క బఠాణీ గింజంత జెల్ వేలి మీద తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలుగా పెట్టి ముఖమంతా పలుచగా పరచాలి. నల్ల మొన ఉన్నచోటే చుక్క పెట్టి వదిలేయడం మన వాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఈ మందు పని కొత్త బ్లాక్‌హెడ్స్ పుట్టకుండా ఆపడం కూడా కాబట్టి మొత్తం భాగానికీ రాయాలి. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు మడతల్లో పేరుకోనీయకూడదు. మొదటి రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు రాసి, చర్మం అలవాటు పడ్డాక ప్రతి రాత్రీ రాయవచ్చు. మంట ఎక్కువైతే ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్ రాసినా సరే.

రాయడం మొదలుపెట్టి మూడు వారాలైంది, ఇంకా ఎక్కువయ్యాయి. మానేయనా?

రెటినాయిడ్ మొదలుపెట్టిన తొలి వారాల్లో లోపల దాగి ఉన్నవి పైకి వచ్చి ముఖం మరింత పాడైనట్టు కనిపించడం మామూలే. నా దగ్గర ట్యూబు కొన్నవారిలో చాలామంది సరిగ్గా ఇక్కడే మానేసి, మందు పనిచేయలేదంటూ తిరిగి వస్తారు. వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదలుపెట్టిన రోజున, తరువాత నెలకొకసారి, ఒకే కిటికీ దగ్గర ఒకే వెలుగులో ఫొటో తీసుకోండి. రోజూ అద్దంలో చూసుకునేవారికి మార్పు తెలియదు. చర్మం వాచినా, నీరు కారినా, భరించలేనంత మండినా మాత్రం అది మామూలు కాదు, మందు ఆపి వైద్యుని కలవాలి.

బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా రాయాలా?

బ్లాక్‌హెడ్స్ ఒక్కటే ఉంటే సాధారణంగా అవసరం ఉండదు. ఎర్రగా వాచిన, చీము పట్టిన మొటిమలు కూడా ఉంటే 2.5 శాతం జెల్ మేలు చేస్తుంది. దీనికి బట్టల రంగు పోగొట్టే గుణం ఉంది. నీలం తువ్వాలు మీద నారింజ రంగు మచ్చలు పడితే ఉతికినా పోవు. తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడండి.

గర్భంతో ఉన్నాను. ఏది వాడవచ్చు?

అడాపలీన్, ట్రెటినోయిన్ వంటి రెటినాయిడ్‌లు ఏ రూపంలోనూ వద్దు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు కూడా ముందే ఆపాలి. అజెలాయిక్ ఆమ్లం గర్భిణులకు సురక్షితమైన పూతమందుగా వైద్యులు ఎంచుకుంటారు. మీ ప్రసూతి వైద్యురాలికి చెప్పి వాడండి.

తగ్గిపోయాక మందు మానేయవచ్చా?

పూర్తిగా మానితే కొన్ని నెలల్లో తిరిగి వస్తాయి, ఎందుకంటే జిడ్డు గ్రంథులు అలాగే ఉన్నాయి. పూర్తిగా తగ్గాక వారానికి రెండు మూడు రాత్రులకు తగ్గించి కొనసాగించడం మేలు.

అయిదవ దశ: వైద్యుని దగ్గరికి

ఎప్పుడు చూపించుకోవాలి?

12 వారాలు సక్రమంగా వాడినా మార్పు లేకపోతే, లోతైన నొప్పిగడ్డలు వస్తుంటే, మొటిమలు గుంటలు చేస్తుంటే వెళ్లాలి. ఆడపిల్లల్లో నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు ముదురుతూ ఉంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉందేమో పరీక్ష చేయించాలి. ఏడాది దాటి ఏడేళ్ల లోపున్న పిల్లల ముఖం మీద బ్లాక్‌హెడ్స్ కనిపిస్తే చిట్కాలు ప్రయత్నించకుండా పిల్లల వైద్యునికి చూపించాలి, ఆ వయసులో ఇది హార్మోన్ల తేడాకు గుర్తు కావచ్చు.

పెద్ద ఆసుపత్రి అంటే ఎక్కడికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ప్రభుత్వానివి. పర్లాకిమిడి, పాతపట్నం వైపు వారికి శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. ఓపీ చీటీ రాయించేటప్పుడు చర్మ విభాగం అని చెప్పండి. ఇప్పటిదాకా రాసుకున్న ప్రతి క్రీము ట్యూబునూ, ఖాళీదైనా సరే, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఒడియా సరిగా రాకపోయినా ఫరవాలేదు, ట్యూబు మీది పేర్లు చూస్తే వైద్యునికి మీ ముఖానికి ఏం జరిగిందో అర్థమవుతుంది. ఆ రోజు ఉదయం ముఖానికి పౌడరు, క్రీము ఏమీ రాయకండి.